వెనక సీటు కొలత

“సోమవారం పొద్దున్న వ్యాన్ వస్తుందని మీ నాన్నకి చెప్పు,” అంది అమ్మ.

నాన్న అక్కడే ఉన్నాడు. అమ్మకీ ఆయనకీ మధ్య మంచినీళ్ళ బిందె, నేను, అంతే. ఆయన చెంబుతో నీళ్ళు ముంచుకుంటున్నాడు. చెంబు బిందె అంచుకి తగిలి ఆగిన తీరు చూస్తే ఆ మాట విన్నాడని తెలిసింది. అయినా నావైపే చూశాడు. అది ఆయనకి నా నోటి నుంచే చేరాలి. తొమ్మిది రోజులుగా మా ఇంట్లో పద్ధతి అదే.

“సోమవారం వ్యాన్ వస్తుందట,” అన్నాను.

“ఏ వ్యానో అడుగు.”

“సీటు కవర్ల ఫ్యాక్టరీదని చెప్పు. సోమవారం ఎక్కించుకుంటారు, శనివారం సాయంత్రం దింపుతారు. మిగతా రోజులు పడుకోవడానికి అక్కడే గది. ఇంకో మాట కూడా చెప్పు. అక్కడ నాకంటూ ఒక మిషన్ ఉంటుందని చెప్పు.”

ఆ చివరి మాట నేను చెప్పలేకపోయాను. చెప్పక్కర్లేకుండానే నాన్న చెంబు బోర్లించి, నీళ్ళు తాగకుండానే షాపులోకి వెళ్ళిపోయాడు.

షాపు అంటే మా ఇంటి ముందుగదే. నాన్న బళ్ళకి సీట్లు కుడతాడు. మోటారు సైకిళ్ళు, ట్రాక్టర్లు, లారీలు, ఒకసారి పళ్ళ డాక్టరు గారి కుర్చీ కూడా. నాన్న రెక్సిన్ కత్తిరిస్తే అమ్మ కుట్టేది. రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. రెండోది ఉన్నచోట నేల మీద నాలుగు తుప్పు మరకలు మిగిలాయి. అమ్మ రోజూ గదంతా ఊడుస్తుంది. ఆ నాలుగు మరకల మధ్య మాత్రం చీపురు పెట్టదు.

కాలు విరిగిన పెద్దమ్మకి సాయంగా అమ్మ నాలుగు రోజులు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి మిషన్ లేదు. దాన్ని సంచులు కుట్టేవాళ్ళకి అమ్మేసి, నాన్న ఒక పాత క్రూయిజర్ మోటారు సైకిల్ కొన్నాడు. పొడుగ్గా, నల్లగా, సీటు కిందికి, హ్యాండిల్ పైకి ఉంటుంది. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముందుకి చాపుకోవాలి. ఎదురింటి మెకానిక్ బాబాయి దాన్ని చూసిన రోజే దున్నపోతని పేరు పెట్టాడు. లీటరుకి ఎంత ఇస్తుందని ఎవరో అడిగితే, ఏనుగుని కొన్నాక మేత సంగతి అడగకూడదన్నాడు.

ఆర్నెల్లుగా ఆ మిషన్ ఖాళీగానే ఉంది కదా అని నాన్న వాదన. అది నిజమే. రెడీమేడ్ కవర్లు వచ్చాక మా పని సగమైంది. ఆ కవర్లు కుట్టే ఫ్యాక్టరీకే ఇప్పుడు అమ్మ వెళ్తానంటోంది.

బండి వచ్చిన రోజు అమ్మ అరవలేదు. నాలుగు మరకల దగ్గర నిలబడి ఒక్కటే అడిగింది.

“నేను కూర్చునే చోటు అమ్మేస్తే నేనెక్కడ కూర్చోను?”

నాన్న నవ్వులాటగా బండి వెనక్కి చెయ్యి చూపించాడు. అక్కడ సీటు లేదు. ఉత్త ఇనప చట్రం ఉంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు.

మాటలు మోసే పని నా మీద పడింది. బడిలో హాజరు పిలిస్తే గొంతు పెగలక, ఎదురుగా కూర్చుని ఉండగానే గైర్హాజరు పడిన దాన్ని నేను. అలాంటిది ఈ తొమ్మిది రోజుల్లో, అంతకు ముందు ఏడాదంతా మాట్లాడిన దానికంటే ఎక్కువ మాట్లాడాను. అందులో నా మాట ఒక్కటీ లేదు. “ఉప్పు తక్కువైందట.” “గొళ్ళెం పెట్టారా అని అడుగుతోంది.” “దారం ఎక్కడ పెట్టావంటున్నాడు.” పడుకునే ముందు వాటిని నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఎవరి మాటలు వాళ్ళ కింద రాశాక, నా కింద రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

“ఏం పోస్టుమాస్టరూ, ఇవాళ ఉత్తరాలేమైనా ఉన్నాయా?” అని మెకానిక్ బాబాయి రోజూ వీధి అవతల నుంచి అడుగుతాడు. తల అడ్డంగా ఊపి లోపలికి వచ్చేస్తాను.

ఆ గురువారం మధ్యాహ్నం నాన్న నన్ను షాపులోకి పిలిచాడు.

బండి ముందు సీటు విప్పి బల్ల మీద పెట్టాడు. పాత కవర్ ఊడదీసి, లోపలి ఫోమ్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని తడుముతున్నాడు. మనిషి అబద్ధమాడతాడు గానీ ఫోమ్ ఆడదని నాన్న అంటూ ఉంటాడు. ఎవరు ఎంత బరువు, ఎటు ఒరిగి కూర్చుంటారు, ఏ కాలు నొప్పి, అన్నీ అందులో గుంటలు పడి ఉంటాయట.

“ఎడమ మోకాలు బాలేదు ఆయనకి,” అన్నాడు. “బరువంతా కుడివైపే వేశాడు.”

ఆయన అంటే బండి అమ్మిన ఫొటోగ్రాఫర్. స్టూడియో మూసేశాక, బండి స్టాండు వేసే ఓపిక కూడా లేదని అమ్మేశాడు. ముందు సీటు బాగు చేయించుకోవడానికి వచ్చినవాడు చివరికి బండే ఇచ్చి వెళ్ళాడు. వెనక చట్రం మీద కెమెరా పెట్టె కట్టుకునేవాడట. ఇనుము మీద తాడు ఒరుసుకున్న గీతలు ఇంకా ఉన్నాయి.

“పదహారేళ్ళు నడిపాడు,” అన్నాడు నాన్న. “వెనక సీటు లేదేమండీ అని అడిగితే, అవసరం రాలేదన్నాడు. అదేదో టీలో చక్కెర వద్దన్నట్టు అన్నాడు.”

నాన్న చాలాసేపు ఆ ఫోమ్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

తర్వాత బల్ల కింద నుంచి ఒక అట్టముక్క తీశాడు. సరుకుల పెట్టెల అట్ట, లోపల మడతలు మడతలుగా ఉంటుందే, అది. గట్టి స్టూలు మీద అట్ట వేసి, పల్చటి గుడ్డ కప్పి, మనిషిని కూర్చోబెడితే బరువు ఆనిన చోట రెండు నొక్కులు పడతాయి. ఆ రెండింటి మధ్య దూరమే సీటుకి అసలు కొలత. దూరాలు వెళ్ళే లారీ డ్రైవర్లకి నాన్న అలాగే తీస్తాడు. నడుం నొప్పి రాని సీటంటే అదేనని వాళ్ళు చెప్పుకుంటారు.

“మీ అమ్మ కొలత కావాలి. ఆదివారానికల్లా వెనక సీటు కుట్టేస్తాను. అడిగితే ఇవ్వదు. తెలియకుండా తీసుకురా.”

నేను అలాగే నిలబడ్డాను.

“ఒక్కసారి కూర్చుంటే చాలు, పిల్లా. సీటు చూస్తే వెళ్ళదు.”

సీటు చూస్తే అమ్మ ఆగిపోతుంది. ఆ మాట పట్టుకుని నేను అట్ట తీసుకున్నాను.

అమ్మ మిషన్ పోయింది గానీ దాని ముందు ఉండే స్టూలు ఇంట్లోనే ఉంది. దాని మీద అట్ట పరిచి, పైన పాత గళ్ళ గుడ్డ కప్పి, వంటగదిలో గోడవారగా పెట్టాను. అమ్మ వచ్చింది, స్టూలుని చూసింది, పక్కన నేల మీద చతికిలబడి కూరగాయలు ముందుకి లాక్కుంది. సాయంత్రం కూడా అంతే. మర్నాడు పొద్దున్న దాన్ని సరిగ్గా పొయ్యి ముందుకి జరిపాను. అమ్మ కాలితో పక్కకి తోసి నిలబడే వంట చేసింది.

“ఆ స్టూలు ఎందుకు తిప్పుతున్నావు ఇల్లంతా?” అంది.

“కూర్చుంటావని.”

“మిషన్ లేని స్టూలు మీద కూర్చుని ఏం చెయ్యను?”

శుక్రవారం మధ్యాహ్నం అమ్మ బట్టలు మడతపెడుతోంది. తనవి ఒక వైపు, మావి ఒక వైపు. తనవి సంచిలోకి వెళ్ళేవని అడగకుండానే తెలుస్తోంది. ఎలా వచ్చిందో తెలియదు గానీ ఒక ప్రశ్న బయటికి వచ్చింది.

“బండి వెనక సీటుంటే నువ్వు కూర్చుంటావా?”

అమ్మ చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. అది నాన్నది.

“ఆయన వెనక ఒకసారి కూర్చున్నాను,” అంది. “నువ్వప్పటికి పుట్టలేదు. చిన్న మోపెడ్ ఉండేది. కంకర రోడ్డు. ఎక్కడో ఒక గతుకు దగ్గర బండి ఎగిరింది, నేను జారిపోయాను.”

“దెబ్బ తగిలిందా?”

“లేదు. రోడ్డు పక్కన ఇసుక కుప్ప ఉంటే దాని మీద కూర్చున్నట్టే పడ్డాను. తగలకపోవడమే తప్పయింది. తగిలితే అరిచేదాన్నిగా. ఆయన అలాగే వెళ్ళిపోయారు. మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. నాకు కనిపిస్తూనే ఉంది, చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతున్నారు. మలుపు తిరిగి కనిపించకుండా పోయారు.”

నాకు నవ్వు వచ్చింది. అమ్మ కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు తొందరగా ఆరిపోయింది.

“తిరిగి వచ్చేసరికి అరగంట పట్టింది. ఏం చెబుతున్నారండీ అంత దూరం అని అడిగాను. షాపు పెడదాం, రెండు మిషన్లు వేద్దాం, పక్కపక్కన అని చెప్పారట. ఏమంటావు అని వెనక్కి తిరిగితే నేను లేను.”

చొక్కా మడత పూర్తి చేసి మావాటి వైపు పెట్టింది.

“పడ్డందుకు కాదు నాకు బాధ. ఆయనకి తెలియకపోయింది చూడు, అందుకు.”

ఆ తర్వాత స్టూలు మీద కూర్చోమని అడగడానికి నాకు నోరు రాలేదు.

శనివారం పొద్దున్న నాన్న నా వైపు చూశాడు. ముందు రోజు రెండుసార్లు చూశాడు. ప్రతిసారీ తల దించుకున్నాను. ఈసారి ఆయన నోరు విప్పి, అయిందా అని అడిగాడు. ఆ గొంతులో ఉన్న ఆశకి లేదని చెప్పాలి. అమ్మ నేల మీదే కూర్చుంటోంది నాన్నా, నా వల్ల కాలేదు అని చెప్పాలి. రెండు మాటలు. ఎవరివైనా అయితే చెప్పేసేదాన్ని.

తల ఊపాను.

షాపు మూలన పెట్టెల అట్టలు చాలా ఉన్నాయి. ఇంకో ముక్క కత్తిరించి, పెరట్లో నీళ్ళ తొట్టి గట్టు మీద వేసుకుని కూర్చున్నాను. వంద లెక్కపెట్టాను. లేచి చూస్తే రెండు చిన్న నొక్కులు, కోడిగుడ్లు పెట్టిన గుర్తుల్లా ఉన్నాయి. అమ్మకి, నాకు ఎంత తేడా ఉంటుందిలే అనుకున్నాను. అమ్మ చీరలో నన్ను చూసి పెద్దమ్మ ఒకసారి పొరబడింది కూడా. వంటగదిలో మొదటి అట్ట గుడ్డ కింద అలాగే ఉండిపోయింది, ఒక్క నొక్కు కూడా లేకుండా.

నాన్న అట్ట అందుకుని వేలితో నొక్కులు తడిమాడు. సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. కొలిచాడు. కాగితం మీద రాసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఆయన మొహం చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు కనుబొమలు ముడిపడతాయా అని చూశాను. ముడిపడలేదు. పైగా చిన్నగా ఈల వేశాడు.

ఆ రెండు రోజులూ ఒక మిషన్ చప్పుడే వినిపించింది. అంచుకి పైపింగ్ వేసేటప్పుడు రెక్సిన్ పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి ఎప్పుడూ అమ్మే. నాన్న ఒక అంచుని మోకాలితో, ఇంకో అంచుని గడ్డంతో అదిమి పట్టుకుని కుట్టాడు. రెండుసార్లు తప్పు కుట్టు పడి విప్పాడు. నన్ను పట్టుకోమని పిలవలేదు. నేను వస్తానని కూడా అనలేదు.

గోడకి ఇటువైపు అమ్మ సంచి సర్దుతోంది. మిషన్ ఆగినప్పుడల్లా అమ్మ చేతులూ ఆగుతున్నాయి. మిషన్ నడిచినప్పుడు ఆమె కుడికాలు నేల మీద ఆడుతోంది, పెడల్ తొక్కుతున్నట్టు. తనకి తెలియకుండానే.

ఆదివారం ఎండ తగ్గాక నాన్న సీటు బిగించాడు. బండిని తుడిచి గుమ్మానికి ఎదురుగా నిలబెట్టాడు. మెకానిక్ బాబాయి కూడా వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. దున్నపోతుకి పట్టుపరుపు వేశావే అన్నాడు. నాన్న అది పట్టించుకోలేదు.

“మీ అమ్మని ఒకసారి బయటికి రమ్మను.”

వెళ్ళి చెప్పాను. అమ్మ రానంటుందనుకున్నాను. చేతులు తుడుచుకుని వచ్చింది. చాలా రోజుల తర్వాత వాళ్ళిద్దరూ ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు. నాన్న ఒక అడుగు పక్కకి జరిగాడు, సీటు బాగా కనిపించాలని. మెకానిక్ బాబాయి ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయాడు.

సీటు అందంగా ఉంది. ముదురు గోధుమ రంగు, అంచున సన్నటి తెల్ల పైపింగ్, ఒక్కచోట వంకర. అమ్మ ముందు ఆ వంకరనే చూసింది. వేలితో తాకింది. ఆమె మొహంలో ఏదో మెత్తబడింది.

అప్పుడు అమ్మ సీటు మీద జాన పెట్టింది. బొటనవేలు ఒక చివర, చిటికెనవేలు ఇంకో చివర. ఇంకోసారి పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇది నాకు కుట్టింది కాదు. చెప్పు మీ నాన్నకి.”

“కొలత తీసుకునే కుట్టానని చెప్పు,” అన్నాడు నాన్న.

“ఎవరి కొలతో అడుగు.”

నాన్న నావైపు తిరిగాడు. అమ్మ కూడా నావైపే చూసింది. ఇద్దరూ నా మాట కోసమే ఆగడం అదే మొదటిసారి. మధ్యలో ఆ సీటు. దాని మీద కూర్చుంటే నాకు సరిగ్గా సరిపోతుంది. ఆ సంగతి ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

నోరు తెరిచాను. మాట రాలేదు. హాజరు పిలిచినప్పటిలాగే.

అమ్మ నన్ను చూసి, నాన్నని చూసి, లోపలికి వెళ్ళిపోయింది. నాన్న వంగి సీటు మరలు విప్పబోయి, మళ్ళీ బిగించాడు. వదులుగా ఉన్నాయేమో అని చూస్తున్నట్టు నటించాడు.

సోమవారం.

ఫ్యాక్టరీ వ్యాన్ వీధిలోకి రాదు. వీధి చివరి మిల్లుకి అవతల, మూల దగ్గర ఆగి మూడు హారన్లు కొడుతుంది. రాగానే ఒకటి, కొంచెం ఆగి ఒకటి, బయలుదేరేటప్పుడు ఒకటి. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఇదివరకే అందులో వెళ్తున్నారు.

అమ్మ తెల్లవారకముందే వంట చేసి మూతలు పెట్టింది. నాకు జడ వేసింది. మామూలు కంటే బిగించి వేసింది. ఏ డబ్బాలో ఏముందో చెప్పింది. అన్నీ నాకు తెలిసినవే. సంచి భుజాన వేసుకుని షాపులోంచే బయటికి వచ్చింది. నాన్న మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు, సూదిలో దారం లేకుండా. అమ్మ ఆయన పక్క నుంచి, బండి పక్క నుంచి, దేన్నీ తాకకుండా నడిచి వెళ్ళింది.

ఆగమని ఆయన అనలేదు. అనమని నాతో చెప్పనూ లేదు.

అమ్మ మలుపు తిరిగింది. మెకానిక్ బాబాయి అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. నన్ను చూసి, రోజూ అనేది అనలేదు.

నేను లోపలికి వచ్చి నాన్న ముందు నిలబడ్డాను. ఆయన తలెత్తాడు, ఏం కబురో అన్నట్టు.

“అట్ట మీద కూర్చుంది నేను,” అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

“అమ్మ స్టూలు మీద కూర్చోలేదు నాన్నా. నేనే ఇంకో అట్ట మీద కూర్చుని నీకిచ్చాను. అది నా కొలత.”

నాన్న సొరుగు లాగి ఆ అట్ట తీశాడు. వెలుతురుకి పెట్టి చూశాడు. రెండు చిన్న నొక్కులు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“నువ్వు చెప్పాలా ఇది నాకు?” అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు. “పంతొమ్మిదేళ్ళు పక్కన కూర్చుని కుట్టిన మనిషి. ఊళ్ళో ప్రతి డ్రైవరు కొలతా చెబుతాను నేను, కళ్ళు మూసుకుని.”

మూల దగ్గర మొదటి హారన్ వినిపించింది.

నాన్న లేచాడు. అట్ట ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని చొక్కాలో దోపుకుని వాకిట్లోకి వెళ్ళి బండి ఎక్కాడు. అది ఒక్కసారికి అందుకోలేదు. రెండోసారికి దబదబమని వీధంతా నిండిపోయింది. మెకానిక్ బాబాయి దారికి అడ్డంగా ఉన్న టైరుని కాలితో పక్కకి తోశాడు. బండి మిల్లు చుట్టూ తిరిగి మూలకి వెళ్ళే పెద్ద రోడ్డు వైపు తిరిగింది. ఖాళీ వెనక సీటు నాకు కొంతసేపు కనిపించి, మలుపులో కలిసిపోయింది.

ఇల్లంతా ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. ఏం చెయ్యాలో తెలియక వంటగదిలోకి వెళ్ళి మూతలన్నీ ఒకసారి ఎత్తి చూశాను. మాట మోయడానికి కూడా ఇంట్లో ఇద్దరు ఉండాలి కదా అనుకున్నాను.

పెరటి తలుపు చప్పుడైంది.

అమ్మ. భుజాన సంచి అలాగే ఉంది. పెరటి వెనక సందులోంచి అడ్డదారిన వచ్చినట్టుంది, చీర కుచ్చెళ్ళకి ముళ్ళగింజలు అంటుకుని ఉన్నాయి.

“కత్తెర మర్చిపోయాను,” అంది.

అమ్మ కత్తెర షాపులో మేకుకి వేలాడుతోంది, నాలుగు మరకలకి పైన. మా అమ్మ అన్నం తినడం మర్చిపోతుంది. కత్తెర మర్చిపోదు. అమ్మ షాపులోకి రెండడుగులు వేసి ఆగింది. మిషన్ ముందు ఎవరూ లేరు. వాకిట్లో బండి లేదు.

“ఏరి?”

“నీకోసమే వెళ్ళాడు. పెద్ద రోడ్డు మీద.”

అమ్మ చెవి అటు పెట్టింది. బండి చప్పుడు ఇంకా వినిపిస్తోంది, మిల్లుకి అవతల.

“అమ్మా, ఆ సీటు...”

“నీ కొలత. తెలుసు,” అంది. “పుట్టినప్పటి నుంచీ నీకు గౌన్లు కుట్టినదాన్ని, నాకు తెలియదా?”

“మరి నిన్న ఎందుకు చెప్పలేదు?”

“ఆయనకి తెలుస్తుందేమో అని చూశాను.”

రెండో హారన్ కొట్టారు. అమ్మ కదల్లేదు. నన్నే చూస్తోంది. ఏమడగబోతోందో నాకు ముందే తెలిసిపోయింది.

“ఆయనే కనుక్కున్నారా? నువ్వు చెప్పావా?”

ఇన్ని రోజులూ ఒకరి మాట ఒకరికి ఉన్నదున్నట్టు మోశాను. ఈ ఒక్కటీ కొంచెం మార్చితే చాలు. ఆయనే కనుక్కున్నాడమ్మా. అంత చిన్న మాట. అది విని అమ్మ సంచి దించేస్తుంది. ఒక అబద్ధపు కొలతతో ఏమైందో కూడా నాకు తెలుసు.

“నేనే చెప్పాను,” అన్నాను. “చెప్పాక నన్నేమీ అనలేదు. నువ్వు చెప్పాలా ఇది నాకు అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.”

అమ్మ గుమ్మం వైపు చూసింది. నాన్న చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది.

తర్వాత వంటగదిలోకి వచ్చి, చూసుకోకుండానే, గోడవారగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. గుడ్డ కింద అట్ట మెల్లగా నలిగిన చప్పుడు నాకు వినిపించింది. లోపలి మడతలు ఒక్కొక్కటే అణిగిపోతున్నాయి. ఊపిరి పీల్చడానికి కూడా భయమేసింది.

మూడో హారన్ మోగింది.

అమ్మ చెయ్యి సంచి పట్టీ మీద బిగుసుకుంది. మూల దగ్గర వ్యాన్ కదిలిన చప్పుడు, దాని వెనకే దబదబమని మా బండి చప్పుడు. అది ఇటు తిరగలేదు. వ్యాన్ వెంట పట్టణం వైపే వెళ్తోంది. ఒకసారి హారన్ కొట్టాడు నాన్న. మళ్ళీ కొట్టాడు. ఆగమని, లోపల అమ్మ ఉందనుకుని, ఆ మూసిన వ్యాన్‌తో ఏదో చెబుతూ వెళ్తూ ఉంటాడు. చెయ్యి తిప్పుతూ.

నేను వీధిలోకి పరుగెత్తబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండు,” అంది.

చప్పుడు సన్నబడుతోంది. అమ్మ తల కొంచెం పక్కకి వంచి, చివరి వరకూ వింది.

“ఈసారి ఎంత దూరం వెళ్ళాక వెనక్కి చూస్తారో,” అంది. సంచి ఒళ్ళోంచి దించలేదు. స్టూలు మీద నుంచి లేవలేదు.